మూడో కిటికీ

నారింజ తోటల మధ్య ఉన్న ఆ కాలిఫోర్నియా ఊళ్ళో బయట ఎండ మండిపోతున్నా, ఎక్స్‌రే గదిలో మాత్రం ఎప్పుడూ చీకటే. నడిమధ్యన స్తంభమంత గొట్టం, దాని చుట్టూ సీసపు గోడ. గోడకి మూడు కిటికీలు, ఒక్కో కిటికీకి ఆనించి ఒక్కో మంచం. గొట్టంలో లక్షల వోల్టుల కరెంటు పారితే కిటికీల్లోంచి కిరణాలు వచ్చి మనిషిలోని కణితిని కాల్చాలి. అప్పట్లో అదంతా కొత్త.

వెర్నా కడుపులో కణితి ఉంది. కత్తి పెట్టలేమని పెద్ద డాక్టర్లు చేతులెత్తేశారు. "అయితే కాల్చండి," అంది వెర్నా. పళ్ళ షెడ్డులో నారింజలకు కాగితం చుట్టే మనిషి, ఒట్టి మొండిది. చావడం ఆమెకు బొత్తిగా ఇష్టం లేదు.

రెండో మంచం రైల్వే ముసలాయన డటన్‌ది. మూడోది షెడ్డులో వెర్నా పక్కనే నిలబడి పనిచేసిన మర్టిల్‌ది. పోయిన వారం మర్టిల్ చనిపోయింది. ఆ కిటికీకి సీసపు మూత పెట్టి బోల్టులు బిగించేశారు.

మిషన్ నడిపే ఆర్విల్ అవతలి గదిలోంచి, మీట నొక్కే ముందూ ఆపాకా హాజరు పిలిచేవాడు.

"ఒకటి?"

"ఉన్నా," అనేది వెర్నా.

"రెండు?"

"ఇంకా చావలేదయ్యా," అనేవాడు డటన్, రోజూ.

ఆ రోజు అలవాటుకొద్దీ ఆర్విల్ నోరు జారాడు. "మూడు?"

"ఉన్నాను."

ఆడగొంతు. మెల్లగా...

ఆర్విల్ అప్పటికే మీట నొక్కేశాడు. గదంతా గుయ్యిమంది. పిడుగు పడ్డాక వచ్చే వాసన. కదిలితే గురి తప్పుతుందని వెర్నా బిగుసుకుని పడుకుంది. పొట్ట మీద ఏదో వాలింది. చల్లగా... ఐదు వేళ్ళు.

"రావే వెర్నా... ఒక్కదాన్నే ఉన్నా."

"రాను. చెయ్యి తియ్యి."

తియ్యలేదు.

ఆర్విల్ మళ్ళీ మూడు అనలేదు. అయినా ఆ చెయ్యి రోజూ వచ్చేది. కొన్నాళ్ళకు వెర్నా పొట్ట ఎర్రగా కమిలింది. మధ్యలో మాత్రం తెల్లగా, అరచెయ్యి అచ్చు.

డాక్టర్ చాలాసేపు చూశాడు. "ఇక్కడ కిరణం తగల్లేదమ్మా. కణితి దీని కిందే ఉంది."

వెర్నాకి భయం వేసింది. అంతకంటే ఎక్కువ ఒళ్ళు మండింది. "మళ్ళీ మొదలెట్టండి. దాని సంగతి నేను చూసుకుంటా."

మర్నాడు మిషన్ మోగగానే చెయ్యి వాలింది. వెర్నా దాన్ని గట్టిగా పట్టుకుంది.

"ఒసేయ్ మర్టిల్, నువ్వు పోయావని ఏడ్చాను. అంతేగానీ నీ వెంట రాను."

పక్కకు ఈడ్చింది. వేళ్ళు గింజుకున్నాయి... జారిపోయాయి. మళ్ళీ రాలేదు. ఈసారి కిరణం సూటిగా కణితి మీదే పడుతోంది. వెర్నా నవ్వుకుంది.

మిషన్ ఆగింది.

"ఒకటి?" అన్నాడు ఆర్విల్.

"ఉన్నా."

"రెండు?"

డటన్ మంచం మీంచి మెల్లగా...

"ఉన్నాను."

మర్టిల్ గొంతు.

బోల్టులు బిగించిన మూడో కిటికీ లోపల ఎవరో దగ్గారు.

"ఇంకా చావలేదయ్యా..."

వెర్నా మంచం దిగింది. "పానా పట్రా ఆర్విల్. ముసలాయన్ని దానికి వదిలేది లేదు."

పానా వచ్చేదాకా ఆగలేక మొదటి బోల్టు మీద చెయ్యి వేసింది.

అది అప్పటికే తిరుగుతోంది.