కొంగు లాగిన సీను

"అప్పగింతల సీను మొత్తం లేపేయాలప్పా. సూడ్డానికి శానా అసింగంగా ఉండాది."

ఫోన్‌లో మా ఆయన గొంతు. నేను రెండు కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. ఒకటి నాది, ఒకటి ఆయనది. వంటింట్లోకి వెనక్కి వెళ్లి రెండూ నేనే తాగేశాను.

మా పెళ్లి డివిడి ఆ పొద్దునే వచ్చింది. తలంబ్రాల దాకా ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. నేను కుక్కర్ దించి వచ్చేసరికి, ఆయన ముందుకు జరిపి ఏదో చూసి డిస్కు బయటికి తీసేశారు. "తక్కింది రేపు చూద్దాంలే భానూ" అన్నారు. ఆ వెంటనే ఈ ఫోన్!

అప్పగింతల్లో నేనెలా ఏడ్చానో నాకు తెలుసు. మా నాయన గోవిందస్వామి భుజం మీద తల పెట్టి, కాటుకంతా ఆయన తెల్ల చొక్కాకు పూసేశాను. నాయన కండువాతో మొహం కప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే నా కొంగు సర్రున వెనక్కి లాగినట్టయింది. కొంగుముడి వేసి ఉంది కదా, రెండో కొస ఆయనది. 'ఇంకా ఎంతసేపు ఏడుస్తావు, పద' అని లాగారనుకున్నాను.

కాపురానికి తిరుపతి వచ్చాక చూస్తే మనిషి మంచివారే. మార్కెట్‌కి వెళితే నాకోసం సన్నజాజులు తెస్తారు, నా రసం బాగుందంటారు. కానీ ఆ లాగుడు కూడా నాతోపాటే కాపురానికొచ్చింది. దానికి తోడు ఇప్పుడు నా ఏడుపు చూడ్డానికి అసహ్యమట, ఈ 'అసింగం' ఒకటి.

పైగా ఆదివారం ఆయన కాలేజీ లెక్చరర్లు భోజనానికి వస్తున్నారు. పలమనేరు నుంచి మా నాయన వస్తున్నాడు. అందరికీ డివిడి చూపించాలి.

సాయంత్రం నిస్సార్ వచ్చాడు. మా ఆయనకు చిన్నప్పటి స్నేహితుడు, బస్టాండు దగ్గర సీడీల షాపు. చేతిలో మూడు సాఫ్ట్‌వేర్ సీడీలు.

"బాగుండావా వదినా?"

"బాగా లేననే కదా కత్తిరిస్తున్నారు!"

నిస్సార్ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన ఫ్యాను వైపు చూశారు. నిస్సార్ మొదటి సీడీ ఆయన చేతిలో పెట్టాడు.

"సూడు జయా, దీంట్లో అన్నీ ఉండాయి. పూలవాన, మబ్బులు, ఏం కావాలంటే అది. కానీ మీ కంప్యూటర్ మోస్తాదో లేదో. ఈ రెండోది ట్రయల్. సినిమా పొడుగునా మీ ఇద్దరి మూతుల మీద కంపెనీ పేరు పడతాది. మూడోది చిన్నది. కత్తిరిస్తాది, అతికిస్తాది, అంతే."

"పెద్దదే వేద్దాం" అన్నారు మా ఆయన.

"నీ ఇష్టమప్పా. షాపు కాడ ఎవురూ లేరు, నేను పోతాండా" అని నిస్సార్ నవ్వు దాచుకుంటూ మెట్లు దిగాడు.

పెద్ద సాఫ్ట్‌వేర్ ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగింది. కంప్యూటర్ పిండిమరలాగా రొద పెట్టింది. మా ఆయన దాన్ని ఆపి మళ్లీ వేశారు. అది మళ్లీ ఆగింది. లెక్కల లెక్చరర్ గారు సీపీయూ మీద ఒక దెబ్బ కూడా వేశారు.

"లేవండి. డిగ్రీలో నాది కంప్యూటర్సు."

"నువ్వొద్దులే భానూ."

"నా మొహమే కదా, నేనే కత్తిరించుకుంటాను."

"నీ మొహమా? నీ మొహానికేమి?"

మూడో సీడీ వేశాను. చిన్నది కదా, చకచకా ఎక్కింది. డివిడి తెరిచి అప్పగింతల దాకా జరిపాను. ఆయన రెండు చేతులూ మానిటర్ మీద పరిచేశారు.

"తియ్యండి."

"తియ్యను."

"తెర మీద వేలిముద్రలు పడతాయి."

"పడనీ!"

వేళ్ల సందుల్లోంచి చూశాను. నాయన భుజం మీద నేను. నిజమే, ముక్కు టమోటాలా ఉంది. కానీ నన్నెవరు చూస్తారు? నా వెనక పెళ్లికొడుకు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు! బాసికం ఒక చెవి మీదికి జారింది. జేబురుమాలు కోసం తడుముకున్నాడు, దొరకలేదు. చేతికందిన గుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. అది నా కొంగు. తుడుచుకున్నప్పుడల్లా నా భుజం వెనక్కి పోతోంది.

"ముక్కు కూడానా?" అన్నాను.

ఆయన చేతులు మెల్లగా దిగాయి. "ఒగసారే."

"పట్టుచీరండీ అది!"

"అసింగంగా ఉండాదని సెప్పినా గదా. కాలేజీలో నేను వరండాలో నడిస్తే పిల్లకాయలు గప్‌చుప్. ఇది సూసినారంటే నా బతుకేం గావాల?"

"ఎందుకేడ్చారు?"

ఆయన కాసేపు మౌస్ తీగను వేలికి చుట్టుకున్నారు. "మీ నాయన నా చెయ్యి పట్టుకున్యాడు. ఏందో సెప్పాలని నోరు తెరిచినాడు, మాట రాలేదు. అట్లాంటాయన కాడ్నించి నిన్ను తీసుకపోతాండానే అనిపించింది."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గుండెల మీంచి ఎవరో గ్యాస్ బండ దించినట్టయింది. లాగుడు సంగతి చెప్పాను.

"తొందరపెట్టినానా? నేనా?" ఆయన నోరు తెరిచారు. "ఇన్నాళ్లూ అట్లనుకుంటాండావా? అడగొచ్చు గదా!"

"మీరు చూపించొచ్చు కదా!"

చిన్న సాఫ్ట్‌వేర్‌కు పని దొరికింది. మా తలల మీద స్టూడియోవాళ్లు ఎగరేసిన గులాబీలు, చిలకలు కత్తిరించేశాం. అప్పగింతల దగ్గర ఆయన నా వైపు చూశారు. "ఉండనీలే. నువ్వు సూసినాక ఇంకెవురికి దాసేది?"

ఆదివారం లెక్చరర్లు ఆ సీను చూసి పొట్ట పట్టుకుని నవ్వారు. నాయన నవ్వలేదు.

"అది ఇంగోసారి ఎయ్యమ్మా."

వేశాను. తెరకు దగ్గరగా జరిగి చూశాడు. కండువా మొహం మీదికి కాక, ఈసారి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మీ కారు పోయినాక ఆ పొద్దు నేను అన్నం తినలా. యెట్లాంటోడో ఏమోనని ఒగటే దిగులు. ఇది సూసుంటే తినేవాణ్ణి గదమ్మా."

"ఇప్పుడు తిందురు లే మామా" అని మా ఆయన లేవబోయి, లేవలేక మళ్లీ నా పక్కనే కూర్చున్నారు.

జేబురుమాలు పొద్దున నేనే ఇస్త్రీ చేసి ఆయన జేబులో పెట్టాను. అయినా నా కొంగు మెల్లగా వెనక్కి లాగినట్టయింది. నేను కదలకుండా కూర్చున్నాను.