ఉంగరం వేలికి కట్టు

ఆదివారం రాత్రి తొమ్మిదీ నలభైకి ఎలిదా బెర్తొలొత్తి భోజనాల బల్ల దగ్గర కుప్పకూలింది. అంబులెన్స్‌లో వచ్చిన డాక్టరు గుండె ఆగిపోయిందని చెప్పాడు. ఆమె వయసు డెబ్బై మూడు. ఆ రోజుకి ఆమెకి పెళ్లయి యాభై ఏళ్లు. బంధువులు చేరింది ఆ పండగకే.

చోటు బ్యూనస్ ఎయిర్స్‌లో బొఎదొ పేట. పియెరీనా నడిపే ఇటాలియన్ భోజనశాల.

సోమవారం ఉదయం, శవాన్ని అలంకరించేవాళ్లు కొడుక్కి ఫోన్ చేశారు. ఎడమచేతికి పెళ్లి ఉంగరం లేదు.

పది గంటలకు కొడుకు నెస్టోర్ తండ్రిని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వచ్చాడు. తండ్రి పేరు అమదేయో. రైల్వేలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ముందురోజు వేసుకున్న కోటు ఇంకా విప్పలేదు.

ఇన్‌స్పెక్టర్ గ్రిసెల్డా ఒహెదా ఇద్దరికీ కుర్చీలు చూపించింది.

"ఎవరి మీద అనుమానం?"

"వెయిటర్ మీద. ఎవారిస్టో" అన్నాడు నెస్టోర్.

"ఎందుకు?"

"అమ్మ పడిపోతే పట్టుకున్నది వాడే. మేమంతా ఫోన్లకీ మందులకీ పరిగెత్తుతుంటే వాడు అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. డాక్టర్ లోపలికి రాగానే వీధిలోకి పరుగు తీశాడు. పావుగంట దాకా రాలేదు."

"ఎక్కడికెళ్లాడో అడిగారా?"

"అడిగాం. నోరు విప్పడే."

గ్రిసెల్డా పెద్దాయన వైపు తిరిగింది. పెద్దవాళ్ల పేర్ల ముందు దోన్, ఆడవాళ్లకైతే దోన్యా అనడం అక్కడి మర్యాద. "మీరేమంటారు, దోన్ అమదేయో?"

"యాభై ఏళ్లలో ఆ ఉంగరం ఒక్కసారీ తియ్యలేదమ్మా ఎలిదా. దాంతోనే మట్టిలోకి వెళ్లాలి. ఇంకేం వద్దు నాకు. రేపు పదకొండుకి ఖననం. ఆలోగా తెచ్చిపెట్టు."

*

ఎవారిస్టోని పదకొండింటికి తీసుకొచ్చారు. అరవై దాటినవాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి ఉంది.

"డాక్టర్ రాగానే ఎక్కడికెళ్లావు?"

"గాలి పీల్చుకోడానికి మేడమ్."

"పరిగెత్తుతూనా?"

"ఏం చెయ్యను, నాకు సరిపడే గాలి కాస్త దూరంలో దొరుకుతుంది."

"ఎగతాళా?"

"కాదు మేడమ్."

"ఇల్లు వెతికాం. ఏమీ లేదు. అంటే దారిలో ఎవరికో ఇచ్చావు."

"ఇవ్వలేదు."

"ఎవర్ని కలిశావు?"

"ఎవరూ దొరకలేదు."

ఆ మాట అన్నాక అతను తల దించుకున్నాడు. గ్రిసెల్డా అది గమనించింది. దొరక్కపోవడం గురించి చెప్పేవాడికి, వెతికిన మనిషి ఒకరు ఉండాలి.

"చూడు ఎవారిస్టో. సాయంత్రం ఆరు దాకా నిన్ను ఇక్కడ ఉంచుకోగలను. తర్వాత మేజిస్ట్రేటు ముందుకి పంపాలి. శవం మీది నగ దొంగ అని రాస్తారు. ఆ పేరు పడ్డాక నిన్ను ఈ ఊళ్లో ఎవరూ పళ్లెం అందించనివ్వరు."

"తెలుసు."

"అయినా చెప్పవు?"

"ఆ పెద్దాయన భార్యని పూడ్చి వచ్చేదాకా చెప్పను. తర్వాత అడగండి."

భోజనశాలలో పియెరీనాని అడిగితే ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"దొంగా? వాడా? ముప్పై ఏళ్లుగా ఈ పేటలో తింటూ అవతలి పేట ఫుట్‌బాల్ టీముకి జేజేలు కొడతాడు. వాడి మీద నాకున్న కంప్లెయింట్ అదొక్కటే. రాసుకో అమ్మాయ్."

*

మధ్యాహ్నం ఒంటిగంటకు గ్రిసెల్డా శవం ఉంచిన హాలుకి వెళ్లింది. పెట్టె తెరిచే ఉంది. ఎలిదా చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. ఎడమచేతి ఉంగరం వేలి చుట్టూ తెల్లటి గాడి.

నిన్నటి ఫోటోలు నెస్టోర్ ఫోన్‌లో ఉన్నాయి. ఆమె వాటిని పెద్దవి చేసి చూసింది. ఎనిమిదింటికి వచ్చినప్పుడు, గ్లాసులు ఎత్తినప్పుడు, మనవరాలి బుగ్గ మీద ముద్దు పెట్టినప్పుడు, అన్నింట్లోనూ ఆ వేలికి గాజుగుడ్డ కట్టు ఉంది.

"ఇదేంటి?"

"శనివారం కేక్ చేస్తుంటే ఓవెన్ రేకు తగిలి కాలిందంట. కట్టు కింద ఉంగరం ఉంది. నొప్పిగా ఉంటే తీసెయ్యమ్మా అన్నాను. నా ఉంగరం సంగతి నీకెందుకురా అంది."

"ఉంగరం మీరు కళ్లతో చూశారా, కట్టు చూశారా?"

"కట్టే" అన్నాడు నెస్టోర్.

"ఇలా రండి. కాలిన మచ్చ చూపించండి."

అతను తల్లి చేతి మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. బొబ్బ లేదు, కమిలిన గుర్తు లేదు.

"కట్టు విప్పిందెవరు?"

"ఇక్కడివాళ్లే. ముడి గట్టిగా ఉంటే కత్తెరతో కోశారు."

"మనుషుల మధ్య, రెండు నిమిషాల్లో, ముడి విప్పి, ఉంగరం లాగి, మళ్లీ అంత గట్టిగా ముడి వేసే దొంగని నేను ఇంతవరకూ చూడలేదు."

"అంటే?"

"ఉంగరం మీ అమ్మ ఇంట్లోనే తీసింది. తీసిన సంగతి తెలియకుండా కట్టు కట్టుకుంది. కేక్ ఆవిడే చేసిందన్నారు కదా. పక్కన ఎవరున్నారు?"

"ఎవర్నీ వంటింట్లోకి రానివ్వలేదు."

"తిన్నారా దాన్ని?"

"కొయ్యనే లేదు మేడమ్. రిబ్బన్లు లాగడం అయ్యిందో లేదో..."



*

సాయంత్రం ఐదింటికి గ్రిసెల్డా అందరినీ భోజనశాలకు పిలిపించింది. అమదేయో, నెస్టోర్, నెస్టోర్ కూతురు అగొస్తీనా, పియెరీనా వచ్చారు. ఎవారిస్టోని కానిస్టేబుల్ తీసుకొచ్చాడు. పియెరీనా ఫ్రిజ్‌లోంచి కేక్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

పండగ కేకుల్లో రిబ్బన్లు పెట్టడం ఇక్కడ ఆనవాయితీ. రిబ్బన్ల కొసలు కేక్ అడుగునుంచి బయటికి వేలాడతాయి. పెళ్లికాని ఆడవాళ్లు తలా ఒకటి పట్టుకుని లాగుతారు. ఒక రిబ్బన్ చివర ఉత్తుత్తి ఉంగరం ఉంటుంది. అది ఎవరికి వస్తే తర్వాతి పెళ్లి వాళ్లదే. మిగతా వాటికి పూసలు, చిన్న బొమ్మలు.

"నిన్న ఎంతమంది లాగారు?"

"ఐదుగురం. ఉంగరం నాకొచ్చింది" అంది అగొస్తీనా. "రేకుది. తాతయ్య ఏడిపించాడు, ఎవడే ఆ దురదృష్టవంతుడు అని."

గ్రిసెల్డా కేకుని నెమ్మదిగా తిప్పింది. అవతలి వైపు ఒక రిబ్బన్ ఇంకా వేలాడుతోంది. దాని కొసకి ముడి ఉంది.

"ఇదెందుకు మిగిలింది?"

"లెక్క తప్పిందనుకున్నాం" అంది అగొస్తీనా. "నేను లాగబోతే నానమ్మ చేతి మీద కొట్టింది. దాన్ని వదిలెయ్, దాని మనిషి దారిలో ఉంది అంది. జోక్ అనుకున్నా."

"కేక్‌లోంచి ఉంగరం ఒకటి వచ్చేసింది కాబట్టి రెండోది ఉంటుందని ఎవరూ అనుకోలేదు. పోలీసులం మేమూ అనుకోలేదు. దోన్ అమదేయో, మీ కుటుంబంలో పెళ్లికాని ఆడవాళ్లు ఎంతమంది?"

ముసలాయన బల్లకేసి చూస్తున్నాడు.

"ఐదుగురు."

నెస్టోర్ మెల్లిగా అన్నాడు. "ఆరుగురు, నాన్నా."

"నాకు తెలిసి ఐదుగురు!"

"ఆరో ఆవిడ మాబెల్" అన్నాడు నెస్టోర్ ఇన్‌స్పెక్టర్‌తో. "మా అక్క. ఇర్మా అనే ఆవిడతో కలిసి ఉంటుంది. పాతికేళ్ల కిందట నాన్న ఇంట్లోంచి పొమ్మన్నాడు. ఆ పేరు ఇంట్లో ఎత్తకూడదు."

గ్రిసెల్డా ఎవారిస్టో ముందు నిలబడింది.

"నువ్వు వెతికింది ఆవిడ కోసమేనా?"

ఎవారిస్టో పెద్దాయన్ని చూశాడు. "పొద్దున్నుంచీ దాచాను, దోన్ అమదేయో. ఇంక నావల్ల కాదు."

ఎవారిస్టో ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు.

"ఆడవాళ్లు ఆడవాళ్లని పెళ్లి చేసుకోవచ్చని రెండేళ్ల కిందట చట్టం వచ్చింది కదా మేడమ్. అప్పట్నించి దోన్యా ఎలిదాకి ఒకటే ధ్యాస. నా కూతురి పెళ్లి నేను బతికుండగా చూడాలి, ఎవారిస్టో అనేది. తొమ్మిదిన్నరకి కేక్ తెచ్చేటప్పుడు మాబెల్ వస్తుంది, నువ్వు తలుపు దగ్గరుండి తీసుకురా అంది. అందరి ముందూ వస్తే ఆయన కాదనలేడని ఆవిడ నమ్మకం."

"వచ్చిందా?"

"పది నిమిషాలు ముందే వచ్చింది. అప్పుడు సిగరెట్టు కోసం పెద్దాయన తలుపు బయట ఉన్నాడు. నేను చేతుల్లో పళ్లేలతో తలుపు అద్దంలోంచి చూశాను. ఏదో అన్నాడు. పిల్ల వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. రిబ్బన్లు లాగాక ఆవిడ నన్ను దగ్గరికి పిలిచి, రాలేదా అంది. ఏం చెప్పను? అందరూ చూస్తున్నారు. బస్సు ఆలస్యం అయ్యుంటుంది దోన్యా అన్నాను. ఆవిడ తలుపు వైపు చూస్తూనే ఉంది. అలాగే ఒరిగిపోయింది. డాక్టర్ రాగానే బస్ స్టాప్‌కి పరిగెత్తాను. లేదు."

గ్రిసెల్డా అమదేయో పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తలుపు దగ్గర ఏమన్నారు?"

"నా ఇంటి సంగతి."

"మీ ఇంటి సంగతి దాచిపెట్టి ఒక మనిషి ఆరింటికి జైలుకి పోయేవాడు."

ఆయన కేక్ వైపు చూస్తూ అన్నాడు. "మీ అమ్మ నిన్ను చూడనంది, పండగ పూట ఏడిపించకు, పో అన్నాను."

"ఆవిడ అలా అందా?"

"లేదు."

"నాన్నా!" అని లేచాడు నెస్టోర్. కూతురు అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అమ్మ పోయిందని మాబెల్‌కి చెప్పారా?" అడిగింది గ్రిసెల్డా.

"రాత్రే ఫోన్ చేశాను" అన్నాడు నెస్టోర్. "నేను రానురా, అమ్మకి ఇష్టం లేదు అంది. ఏమిటో అర్థం కాలేదు."

గ్రిసెల్డా తన ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఉంగరం దొరికిందని నేను రాసుకుంటాను. ఎవారిస్టో ఇంటికెళ్తాడు. తలుపు దగ్గర మీరన్నదానికి మా చట్టంలో సెక్షన్ లేదు, దోన్ అమదేయో. మాబెల్‌కి అది నేను చెప్పేది కాదు. మీరు చెప్పాలి."

ఆయన ఫోన్ వైపు చూశాడు. తీసుకోలేదు. నెస్టోరే నంబర్ కలిపి, అక్కని రమ్మన్నాడు.

మాబెల్ ఆరూ పదికి వచ్చింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, స్కూల్ టీచర్. లోపలికి అడుగు పెట్టకుండా తలుపు దగ్గరే ఆగింది. ఇర్మా ఆమె వెనక నిలబడింది.

అమదేయో లేచాడు. కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"మీ అమ్మ ఆ మాట అనలేదు. నేనే అన్నాను."

మాబెల్ తండ్రిని చూడలేదు. ఎవారిస్టోని అడిగింది.

"నాకోసం చూసిందా?"

"చూసిందమ్మా."

"ఎంతసేపు?"

"ఉన్నంతసేపూ."

పియెరీనా కేక్‌ని బల్ల అంచుకి జరిపింది. మాబెల్ వచ్చి ముడి ఉన్న రిబ్బన్ పట్టుకుని లాగింది. క్రీమ్ అంటుకున్న ఉంగరం బయటికి వచ్చింది. లోపలి వైపు అమదేయో పేరు, పెళ్లి తేదీ చెక్కి ఉన్నాయి. ఇర్మా రుమాలు ఇచ్చింది. మాబెల్ ఉంగరాన్ని తుడవలేదు. రుమాలులో చుట్టి, తండ్రి ముందు పెట్టింది.

"దాంతోనే పంపాలన్నావంట కదా. పంపు."

"అది నీకిచ్చింది" అన్నాడు అమదేయో.

"తన చేత్తో ఇద్దామనుకుంది నాన్నా."

మాబెల్ ఇర్మాతో కలిసి వెళ్లిపోయింది.

మంగళవారం ఉదయం పదకొండింటికి చకరీతా శ్మశానంలో ఖననం జరిగింది. ఎలిదా వేలికి ఉంగరం ఉంది. అమదేయో, నెస్టోర్, అగొస్తీనా, పియెరీనా, ఎవారిస్టో ముందు నిలబడ్డారు. మాబెల్, ఇర్మా వెనక దూరంగా నిలబడ్డారు. మట్టి వేసే ముందు అమదేయో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మాబెల్ ముందుకు రాలేదు.