కుయిక్కా వంతెన మీద జారిపోయే గేరు

కుయిక్కా వంతెన పేరెత్తితే మా వైపు వాళ్లు గొంతు తగ్గిస్తారు. డెబ్బై ఏళ్ల కిందట, మంచు కరిగే రోజుల్లో, ఏట్లో దుంగలు తేలుస్తూ ఒక కుర్రాడు అక్కడ మునిగిపోయాడు. శవం దొరకలేదు. అప్పట్నుంచీ చీకట్లో వంతెన దాటేవాళ్లను వాడు వెనక్కి లాగుతాడని చెప్పుకుంటారు.

నేనిలాంటివి నమ్మను. నమ్మేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. అయినా నాతో పాటు కార్ల రిపేరు షెడ్డులో పనిచేసే ఇర్యా చెప్పిన సంగతి మాత్రం చేతిలో పనాపి విన్నాను.

తూలిక్కి అనే నర్సు ఇంటింటికీ తిరిగి ముసలివాళ్లను చూసుకుంటుంది. వంతెన అవతల అడవిలో ఒంటరిగా ఉండే ఔనె ముసలమ్మకు తొంభై ఒకటి. కాలి మీద పుండు... రోజూ కట్టు మార్చాలి.

నవంబరు నుంచి తూలిక్కి కారు సరిగ్గా వంతెన నడిబొడ్డునే ఆగిపోతోంది. దాంట్లో గేరు కర్ర ఉండదు, ఒక గుండ్రటి మీట ఉంటుంది. అది తిప్పితే కంప్యూటరే గేరు వేస్తుంది. వంతెన మధ్యకు రాగానే కారు ముందుకెళ్లే గేరు గుర్తు డి ఆరిపోతుంది, ఏ గేరూ లేదని చెప్పే ఎన్ వెలుగుతుంది... ఇంజను ఆడుతూనే ఉంటుంది, చక్రాలకు మాత్రం పట్టు ఉండదు. ఒకరోజు ఇలా అవుతుంది, తర్వాత రెండ్రోజులు ఏమీ కాదు.

పట్నం గ్యారేజీలో మీట మొత్తం మార్చారు. వాళ్ల రోడ్ల మీద వారం తిప్పినా ఒక్కసారీ ఆగలేదు. వంతెన మీదికి రాగానే — మళ్లీ ఎన్.

తూలిక్కి పైఅధికారి రైమో విసిగిపోయాడు. "ఇంకోసారి ఆగిందంటే ఆ అవతలికి నర్సును పంపను. ముసలమ్మను పట్నం వృద్ధాశ్రమానికి తెచ్చేద్దాం," అన్నాడు. శుక్రవారం దాకా గడువు.

ఇర్యాకు కారు దొరికింది గురువారం. డిసెంబరు, మూడింటికే చిమ్మచీకటి. తూలిక్కిని పక్కన కూర్చోబెట్టుకుని తనే నడిపింది. వంతెన దాటింది, తిరిగొచ్చింది, మళ్లీ దాటింది. పదకొండుసార్లు తిప్పినా కారుకు ఏమీ కాలేదు.

"నేనంటే భయం కాబోలు మీ వాడికి," అంది ఇర్యా. ఆమెది దక్షిణాన సముద్రం ఒడ్డు ఊరు.

"నవ్వకు, ఇర్యా..." అంది తూలిక్కి.

"సరే, నువ్వు నడుపు."

తూలిక్కి చేతొడుగులు బిగించుకుని బయల్దేరింది. చక్రాల కింద వంతెన చెక్కపలకలు టకటకమన్నాయి. పావు వంతెన... సగం...

డి ఆరిపోయింది.

కారు నెమ్మదిగా జారి నిలబడింది. కింద ఎక్కడో మంచుపలక పగిలిన చప్పుడు.

"వచ్చాడు," అంది తూలిక్కి, పెదవులు కదిలీ కదలకుండా.

"వస్తే రానీ. ఎక్కాక బెల్టు పెట్టుకోమను." ఇర్యా కళ్లు మాత్రం తూలిక్కి కుడిచేతి మీదే ఉన్నాయి. "ఇప్పుడేం చేశావ్?"

"ఏమీ చెయ్యలేదే."

"చేశావ్. చేత్తో నొక్కావ్."

"హారనా? అదీ ఒక పనేనా! చనిపోయినవాడికి పలకరింపు. ఇక్కడ అందరం కొడతాం."

 మా ఉత్తరాది మంచుదేశంలో హారన్ కొట్టడమంటే ఎదుటివాణ్ణి తిట్టినట్టే. ఏళ్లకేళ్లు దాన్ని ముట్టనివాళ్లు ఉన్నారు. గ్యారేజీవాళ్లు కారుని అన్ని రకాలుగా చూశారు, హారన్ ఒక్కటి కొట్టలేదు. ఎక్కడో దక్షిణాది నుంచి వచ్చిన ఇర్యాకు ఆ పలకరింపు సంగతే తెలియదు.

"ఆపి స్టార్ట్ చెయ్. మళ్లీ కొట్టు."

డి వచ్చింది. హారన్ మోగింది. ఎన్!

ఇర్యా టార్చి తీసుకుని దిగి బానెట్ ఎత్తింది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఏటి వైపు తిరిగి గట్టిగా అరిచింది: "ఒరేయ్, ఉంటే పైకొచ్చి ఈ టార్చి పట్టుకో!"

ఎవడూ రాలేదు. తూలిక్కే దిగి పట్టుకుంది.

హెడ్‌లైటు వెనక ఒక ఎర్త్ వైరు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకు తుప్పు పట్టి దాని కొస పచ్చగా పొడి రాలుతోంది. హారన్‌కీ గేరు మీటకీ కరెంటు తిరిగి వెళ్లే దారి అదొక్కటే. హారన్ మోగితే కరెంటంతా అక్కడ ఇరుక్కుని మీట కంప్యూటరు తడబడుతుంది. గాలి పొడిగా ఉన్న రోజు ఎలాగో నెట్టుకొస్తుంది, తేమ ఉంటే లేదు.

ఇర్యా గీకి, శుభ్రం చేసి, బోల్టు బిగించింది. తూలిక్కి హారన్ మీద అరచెయ్యి పెట్టి తీయలేదు. అడవంతా మోగిపోయింది. డి అలాగే వెలుగుతోంది.

అక్కడ నిలబడే ఇర్యా రైమోకి ఫోన్ చేసింది. "బాగైంది. ఆశ్రమం మాట ఇంకెత్తకు," అని పెట్టేసింది.

ఔనె ఇంట్లో కట్టు మారుస్తూ తూలిక్కి జరిగిందంతా చెప్పింది. ముసలమ్మ కాఫీ తాగుతూ విన్నది.

"ఆ మునిగినవాడు మా అన్న," అంది చివరికి.

ఇద్దరూ బిత్తరపోయారు.

"వాడికి పుట్టుచెవుడు. దుంగలు విరుచుకుపడుతున్నాయని ఒడ్డు మీంచి ఎంత అరిచినా వినపడకే పోయాడు. డెబ్బై ఏళ్లుగా మీరంతా వాడికి హారన్ కొడుతున్నారు!" ఔనె కప్పు ఠక్కున బల్ల మీద పెట్టింది. "పైగా వాడి పేరు చెప్పి నాచేత ఇల్లు ఖాళీ చేయిద్దామనుకున్నారు. రైమోని రమ్మను. ఈ గడపలో నిలబడి నా మొహం చూసి ఆ మాట అనమను."