మూయకుండా దాచిన విండో

"బటన్ నొక్కి ఇంటికి పోయి అన్నం తినొస్త. గప్పటికన్న చీర కనబడ్తదా?"

యాదలక్ష్మి నవ్వుతూ అన్న మాటకు ఐలేశం చెవులు ఎర్రబడ్డాయి. అది 1998 శ్రావణమాసం, బయట ముసురు. నల్లగొండ చేనేత సంఘంలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ ముందు ఇద్దరూ కూర్చున్నారు. ఆమె చీరల డిజైన్లు చూసుకునే పిల్ల. అతను వాటిని తెరమీద చూపించే ప్రోగ్రాం రాయడానికి హైదరాబాద్ కంపెనీ పంపిన కొత్తకోట కుర్రాడు.

శుక్రవారం సంఘం అధ్యక్షుడు వెంకటనర్సు వచ్చి చూస్తాడు. ఆయనే యాదలక్ష్మి తండ్రి. నచ్చకపోతే కంప్యూటర్ వాపస్, ఐలేశమూ వాపస్. ఈ నవ్వు మళ్లీ ఎక్కడ వినాలి? పాపం, అతని భయమంతా అదే.

"మీరట్ల నవ్వితే పనెట్లైతది?" అన్నాడు.

"సరే, నవ్వను తియ్యిండ్రి. గంతసేపు లోపల ఏం చేస్తాంది అది?"

"ఒక్కో చీరకు కొత్త విండో కడ్తది. బటన్లు, మాటలు రాసే డబ్బాలు అన్నీ మొదట్నుంచి. మూస్తే మొత్తం పీకేస్తది."

"అయ్యో రాత!" ఆమె నెత్తి కొట్టుకుంది. "మా ఇంట్ల చీర దిగంగనే మగ్గం పీకుతమా? పాత పోగుల కొసలు మగ్గం మీది అచ్చులనే ఉంచి, కొత్త పోగులు వాటికే అతుకుతం. మల్ల మొదట్నుంచి ఎక్కియ్యాల్నంటె దినాలకు దినాలు పడ్తది."

ఐలేశం అలాగే చూస్తుండిపోయాడు. తడిగాలికి ఆమె ముంగురులు కదులుతున్నాయి. ఆ తెలివికి మొక్కాలో, ఆ కళ్లకు మొక్కాలో అతనికి తేలలేదు.

"ఏంది గట్ల చూస్తున్నరు?"

"మూయను... దాస్త," అని గొణిగి కీబోర్డు మీద పడ్డాడు.

విండోను పీకెయ్యకుండా కనబడకుండా దాచి, తర్వాతి చీరకు అదే విండోలో బొమ్మ మార్చి చూపించేలా రాశాడు. రెప్పపాటులో తెరుచుకుంది! ఆమె చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడు ఆ రాత్రి అతని కలలోకి కూడా వచ్చింది.

శుక్రవారం వెంకటనర్సు అద్దాలు పెట్టుకుని బటన్ నొక్కాడు. చీర టక్కున వచ్చింది.

"వారెవ్వా!" మళ్లీ నొక్కాడు. ఇంకో చీర. ఇంకోటి. అప్పుడాయన చెయ్యి ఆగింది. "ఎన్ని చీరలు మారినా కింద గీ ఇంగ్లీషు రాత మారదేంది?"

ఐలేశం తెర కిందికి చూశాడు. బొమ్మ మార్చాడు గానీ కింది డబ్బా తుడవడం మరిచాడు. పొద్దున పరీక్షించేటప్పుడు, ఎవరూ లేరు కదా అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసుకున్న తెలుగు మాట అందులో అలాగే కూర్చుంది.

"చదువు బిడ్డా," అన్నాడు తండ్రి.

పక్కనే ఉన్న యాదలక్ష్మి వంగి చూసింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆగి ఆగి, ఉన్నదున్నట్టే చదివింది. "యాదలక్ష్మి... లేని ఊరికి... నేను పోను."

ఐలేశం చెయ్యి కీబోర్డు మీదికి పోయింది. ఆమె కీబోర్డును చప్పున పక్కకు జరిపింది.

"తుడవకు," అంది, మొదటిసారి అతన్ని నువ్వంటూ.

వెంకటనర్సు అద్దాలు తీసి, బిడ్డ ముఖం కాసేపు చూశాడు.

"ఆదివారం మీ బాపును తోల్కరా పిలగా. కంప్యూటర్ ఎట్లయినా ఈడనే ఉంటది. నువ్వు సుత ఉండేటట్టు మాట్లాడుకుందం."