ఆఖరి మలుపులో చెయ్యి

దెయ్యాల కొంపలో దెయ్యం ఉందంటే ఎవరైనా నవ్వుతారు. జనం టికెట్టు కొనుక్కుని వెళ్ళేది అందుకే కదా అంటారు. కానీ ఆ అమ్యూజ్‌మెంట్ పార్కులో పనిచేసేవాళ్ళు మాత్రం నవ్వేవాళ్ళు కాదు. రబ్బరు గబ్బిలాల కింద, తీగ లాగితే దవడ ఆడించే పుర్రె పక్కన పగలంతా ఈల వేసుకుంటూ పనిచేసే వడ్రంగులు కూడా పొద్దు వాలిందంటే చాలు, ఆఖరి మలుపు వైపు కన్నెత్తి చూసేవాళ్ళు కాదు.

అక్కడ ఏదో... ఊపిరి తీస్తోందట.

"గాలి కాదండీ. గాలైతే వస్తూనే ఉంటుంది. ఇది మనం కదిలితే ఆగిపోతుంది. మనం ఆగితే మళ్ళీ మొదలు" అని రంగులేసే అతను చెప్పేవాడు. ఓ సాయంత్రం బ్రష్షు అక్కడే పారేసి వచ్చినవాడు, తెల్లారేదాకా దాని కోసం వెళ్ళలేదు.

వాచ్‌మన్ అయితే ఇంకాస్త ముందుకెళ్ళాడు. "ఆ మలుపు మంచిది కాదు. చీకటి పడ్డాక అటు పోకండి" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు. ఎన్నేళ్ళుగానో ఇక్కడే ఉన్నావు కదా, ఎప్పుడూ లేనిది ఇప్పుడెందుకు చెడ్డదైందయ్యా అంటే, "కొంప కదిపారుగా మరి" అనేవాడు.

కొంప కదిపిన మనిషి డిజైన్ మేడమ్. పార్కులో అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్ళు. ఇంట్లో మాత్రం చిట్టి.

ఆ దెయ్యాల కొంప ఇంచుమించు చిట్టి వయసుది. ఇద్దరు పట్టే చిన్న బండి, పట్టాల మీద కిర్రుకిర్రుమంటూ చీకట్లోకి పోతుంది. ఒక తరం వాళ్ళంతా చిన్నప్పుడు అందులో కెవ్వుమన్నవాళ్ళే. ఇప్పుడు వాళ్ళు పిల్లల్ని వెంటేసుకుని వస్తున్నారు. పిల్లలేమో కెవ్వుమనడం లేదు.

"అస్థిపంజరం భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగుతున్నారమ్మా! మనల్ని చూసి దెయ్యాలే జాలిపడే రోజులొచ్చాయి" అన్నాడు యజమాని మొదటి మీటింగులో. "మీరేం చేస్తారో చెయ్యండి. పాత వాసన పోకూడదు. కొత్త భయం రావాలి."

చిట్టి కష్టపడి ఆలోచించింది. బయటి బోర్డు, ఆ పాత ఊళ శబ్దం, బండి కిర్రుమనడం అలాగే ఉంచాలి, పెద్దవాళ్ళు వచ్చేది వాటికోసమే. సీటు వెనకాల తల దగ్గర చిన్న స్పీకర్లు పెట్టాలి, ఎవరో చెవిలోనే గుసగుసలాడినట్టు. కాళ్ళ దగ్గర చల్లటి గాలి. పుర్రెని తీసెయ్యకుండా, బండి దాటిపోయాక అది తలతిప్పి చూసేట్టు చెయ్యాలి. ఒక్కోటి చెబుతుంటే యజమాని చిన్నపిల్లాడిలా అరచేతులు రుద్దుకున్నాడు.

"మరి ఆఖరి మలుపులో ఆయన సంగతేంటి?" అని అడిగాడు.

ఆఖరి మలుపులో ఒక మనిషి ఉండేవాడు. నల్లబట్టలు కట్టుకుని, గోడలో ఓ గూడులాంటి చోట ముక్కాలిపీట మీద కూర్చుని, బండి మలుపు తిరగ్గానే తడిగుడ్డ చుట్టిన చేత్తో భుజం మీద ఇలా... తాకేవాడు. అంతే ఆయన ఉద్యోగం. జనం అరిచే పెద్ద అరుపు అక్కడే.

ఆయన చిట్టికి మేనమామ.

అమ్మకి అన్నయ్య. చిన్నప్పుడు సెలవులొస్తే చిట్టిని పార్కుకి తీసుకొచ్చి, టికెట్ల అమ్మాయికి దణ్ణం పెట్టి లోపలికి పంపినవాడు. ఆ చీకట్లోంచి బయటికి రాబుద్ధికాక, ఇలాంటివే కట్టాలని ఆ పిల్ల డిజైన్ చదువుకుంది. ఆ సంగతి చిట్టికి తెలుసు. తెలిసి కూడా...

"మెషీన్ చెయ్యి పెడితే సరిపోతుంది సార్. బండి రాగానే సెన్సర్ కనిపెడుతుంది. మనిషి అక్కర్లేదు."

"మీకు తెలిసినాయనా? మొన్న గేటు దగ్గర మీతో మాట్లాడుతుంటే చూశాను."

అవును సార్, మా మావయ్య — నాలుక చివరిదాకా వచ్చింది. దెయ్యం వేషగాడి మేనకోడలా అని నవ్వుతారేమో. చుట్టరికంతో వచ్చింది అనుకుంటారేమో. ఆ క్షణంలో ఏవేవో అడ్డుపడ్డాయి.

"లేదు సార్" అంది. "ఏదో దారి అడిగాడు."

ముప్పై ఏళ్ళు అక్కడే పనిచేసిన మనిషి... దారి అడిగాడట!

ఇక పనికి రానక్కర్లేదని ఆ వారంలోనే మావయ్యకి చెప్పేశారు. ఆయన గేటు బయట చిట్టి కోసం నిలబడ్డాడు. తిడతాడనుకుంది చిట్టి. ఆయనేమో, "బాధపడకే చిట్టీ, నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చిట్టి ఆ ఇంటికి వెళ్ళలేదు. ఫోను చెయ్యలేదు. రేపు చేద్దాం, పని అయ్యాక చేద్దాం అనుకుంటూ నెట్టుకొచ్చింది.

ఆ తర్వాతే ఆఖరి మలుపులో ఊపిరి మొదలైంది.

అందుకే వడ్రంగులు ఆ మాట అన్నప్పుడల్లా ఆమె పైకి నవ్వేది. లోపల మాత్రం ఎక్కడో గుచ్చుకునేది.

ఇంక రెండ్రోజుల్లో కొంప మళ్ళీ తెరవాలి. అన్నీ కుదిరాయి, ఆ మెషీన్ చెయ్యి తప్ప. బండి రాకముందే లేస్తుంది, బండి వచ్చాక పడుకుంటుంది. ఆ రోజు దాంతో కుస్తీపడుతూ ఉండగానే రాత్రయిపోయింది. పనివాళ్ళు ఇళ్ళకి పోయారు. ఎలక్ట్రీషియన్ ఒక్కడు బయట స్విచ్చుల గదిలో మిగిలాడు.

"నేను బండెక్కి చూస్తాను. వదులు" అంది చిట్టి.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "ఇప్పుడొద్దు మేడమ్. పొద్దున చూసుకోవచ్చు కదా..." అతని మొహం నిజంగానే పాలిపోయి ఉంది.

"నువ్వూ నీ దెయ్యాలూ" అంది.

బండెక్కబోతూ ఫోను చూసుకుంది. అమ్మ రెండుసార్లు చేసింది. ఇంత రాత్రివేళ అమ్మ రెండుసార్లు చెయ్యదు... వచ్చాక మాట్లాడదామని ఫోను స్విచ్చుల గదిలోనే పెట్టి బండెక్కింది.

తలుపు తెరుచుకుంది. వెనకాల మూసుకుంది.

ఊళ శబ్దం. కాళ్ళకి చల్లగాలి. గబ్బిలాలు ఊగాయి. అన్నీ తను పెట్టినవే. ఎక్కడ ఏం వస్తుందో తెలిసినవే. అయినా సీటు అంచు గట్టిగా పట్టుకుంది. అమ్మ ఎందుకు చేసుంటుంది? రెండుసార్లు... మావయ్యకేమైనా...

బండి ఆఖరి మలుపు తిరిగింది.

టక్కుమని ఆగిపోయింది. దీపాలు ఆరిపోయాయి. ఊళ మధ్యలో తెగిపోయింది.

"కరెంటు పోయిందా?" అని అరిచింది. ఆమె గొంతే అట్టగోడలకి తగిలి తిరిగొచ్చింది.

చీకటి... కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి.

అప్పుడు వినపడింది.

ఊపిరి. పీల్చేటప్పుడు సన్నగా పిల్లికూతలాంటి చప్పుడు. చిట్టి కదిలింది — ఆగిపోయింది. చిట్టి బిగుసుకుపోయింది — మళ్ళీ మొదలైంది. ఎడమవైపు. గోడలోంచి.

మెషీన్‌కి ఊపిరి ఉండదు కదా.

భుజం మీద చెయ్యి పడింది.

చల్లగా లేదు. తడిగా లేదు. వెచ్చగా, బరువుగా, ముసలి చెయ్యి.

చిట్టి కెవ్వుమనలేదు. ఆ చెయ్యి ఎవరిదో ఆమె భుజానికి తెలుసు. ఒక్కసారిగా అమ్మ ఫోనుకి అర్థం తెలిసిపోయినట్టయింది. ఈ చెప్పాపెట్టకుండా వచ్చే కబుర్లు రాత్రివేళే వస్తాయి. మావయ్య పోయాడు. పోయి, ఇక్కడికే వచ్చాడు.

"మావయ్యా..." అంది గుసగుసగా. "మావయ్యా, తప్పయిపోయింది."

చెయ్యి కదల్లేదు.

"నేనే అన్నాను. మనిషి అక్కర్లేదని నేనే అన్నాను. వాళ్ళు నిన్ను తీసెయ్యమనలేదు... ఆయన్నేం చేద్దాం అని అడిగారంతే. నువ్వు తెలుసా అంటే తెలీదన్నాను. దారి అడిగావని చెప్పాను. సిగ్గేసింది మావయ్యా... నన్నేం చెయ్యకు... నువ్వు బతికుండగా చెప్పలేకపోయాను..."

ఊపిరి ఆగిపోయింది.

చాలాసేపు ఆగిపోయింది. తర్వాత మెల్లగా చెయ్యి భుజం మీంచి లేచింది.

దీపాలు వెలిగాయి.

గూట్లో, ముక్కాలిపీట మీద మావయ్య కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర టిఫిన్ డబ్బా. చేతిలో సగం తిన్న అరటిపండు. దెయ్యమూ కాదు, ఏమీ కాదు. మనిషి.

"బండి చప్పుడు వినపడేసరికి చెయ్యి దానంతటదే లేచింది" అన్నాడు. తప్పుచేసినవాడిలా. "భయపెట్టాలని కాదు."

"ఉద్యోగం పోయిందని మీ అత్తయ్యకి చెప్పలేదు. రోజూ డబ్బా కట్టిస్తోంది. ఎక్కడికని పోను? వాచ్‌మన్‌కి చెబితే వెనక తలుపు తీసేవాడు. మీరెవరైనా ఇటు వస్తే ఊపిరి బిగబట్టి గూటి వెనక సందులో నక్కేవాణ్ణి. ఇవాళ ఇక్కడే కునుకు పట్టేసింది. ఇంటికి రాలేదని కంగారుపడుతూ ఉంటుంది పాపం."

అమ్మ ఫోను అందుకే. అత్తయ్య అడగమంటే, "మీ మావయ్య డ్యూటీ ఇంకా అవ్వలేదా?" అని అడగడానికి.

చిట్టి ఏడుస్తూ నవ్వింది. బతికే ఉన్నాడు. ఇంకేం కావాలి? బండి దిగి ఆయన చెయ్యి పట్టుకోబోయింది.

మావయ్య మిగిలిన సగం అరటిపండు జాగ్రత్తగా డబ్బాలో పెట్టి మూత వేశాడు. ఆమె వైపు చూడకుండానే అన్నాడు:

"నాకు తెలీదే చిట్టీ."

"ఏంటి మావయ్యా?"

"నువ్వు నాకోసం వాళ్ళతో గట్టిగా పోట్లాడావనుకున్నాను. పోట్లాడినా వినలేదనుకున్నాను. వాచ్‌మన్‌కి అదే చెప్పాను. మా మేనకోడలు ఎంత ఏడ్చిందో అని..." డబ్బా చేతికి తీసుకున్నాడు. "పద. రాత్రయింది."

పట్టాల వెంట ఇద్దరూ నడిచి బయటికొచ్చారు. ఆయన ముందు, ఆమె వెనక. పుర్రె తలతిప్పి చూసింది. ఎవరూ అరవలేదు.

మర్నాడు పొద్దున్నే చిట్టి యజమాని గదిలోకి వెళ్ళి, కూర్చోకుండానే చెప్పేసింది. ఆయన మా మావయ్య సార్. ఆ రోజు అబద్ధం చెప్పాను. ఏ శిక్షయినా సరేనని నిలబడింది.

యజమాని కళ్ళజోడు తీసి ఆశ్చర్యంగా చూశాడు. "అయ్యో, ఆ మాట అప్పుడే అంటే అయిపోయేది కదమ్మా! నాకూ మెషీన్ కంటే ఆయనే నయమనిపించింది. చిన్నప్పుడు నన్నూ భయపెట్టాడు. మీరే అక్కర్లేదంటే, డిజైనర్ కదా, మీకు తెలుస్తుందిలే అనుకున్నాను."

అంతే. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అనరని తెలిసుంటే... ఆమె తలుపు దాకా నడవడానికి చాలాసేపు పట్టింది.

మెషీన్ చెయ్యి ఊడదీశారు. మావయ్య మళ్ళీ నల్లబట్టలు కట్టుకున్నాడు. కొంప తెరిచిన రోజు గేటు బయట వరస రోడ్డుదాకా సాగింది. జనాన్ని వదలబోయే ముందు చిట్టి ఒక్కతే ఆఖరి మలుపు దాకా నడిచి వెళ్ళింది. చేతిలో మెత్తటి దిండు, ముక్కాలిపీట మీద వెయ్యడానికి.

"మావయ్యా, ఇది వేసుకో. నడుం నొప్పి పుట్టదు."

ఆమెని చూడగానే ఆయన పీట మీంచి లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ లేచినవాడు కాదు. మొహంలో కోపం లేదు. నిష్ఠూరం కూడా లేదు. దిండు రెండు చేతులా అందుకున్నాడు.

"మీకెందుకు శ్రమ మేడమ్" అన్నాడు.

చిట్టి చటుక్కున వెనక్కి తిరిగింది. పనివాళ్ళెవరైనా వచ్చి నిలబడ్డారేమో, వాళ్ళు వింటారని అలా అన్నాడేమో అని.

వెనకాల ఎవరూ లేరు.