కొలిమి బూట్ల దొంగ

ఇలా దగ్గరికి రండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కాస్త ముందుకి జరగండి. ఆ వెనక బెంచీ మీద ముచ్చట్లు ఆగితే మొదలుపెడతాను. ఇది దొంగతనం కథ. ఒక్క ముక్క చెవి జారిందంటే దొంగ మీ పక్కనే కూర్చున్నా పట్టుకోలేరు.

డేగ అని ఒక డిటెక్టివు ఉండేవాడు. ఆయన కళ్ళద్దాలు సీసా అడుగుల్లా ఉండేవి, అవి తీస్తే తన చెయ్యి తనకే కనపడదు. అయినా అందరూ డేగ గారనే పిలిచేవాళ్ళు. మెట్ల మీద అడుగుల చప్పుడు విని, వచ్చే మనిషి చెప్పుకి ఏ పక్క వారు తెగిందో, ఇంట్లో ఎవరి మీద అలిగి బయల్దేరిందో చెప్పేసేవాడు. ఒకసారి గోడ అవతల ఆవలింత విని, ఆవులించినవాడు రాత్రి ఏ పక్కకి తిరిగి పడుకున్నాడో చెప్పాడు. నమ్మకపోతే మానెయ్యండి. ఆయనకో అసిస్టెంటు. డేగ గారు తుమ్మినా "ఆహా" అనేవాడు కాబట్టి అతని పేరే ఆహా అయి కూచుంది.

ఒక రోజు పొద్దున మెట్ల మీద అడుగులు పడ్డాయి. డేగ గారు తల పక్కకి వంచాడు.

"ఆడమనిషి. పైకి రావాలా, వెనక్కి పోవాలా అని మెట్టు మెట్టుకీ ఆగుతోంది. తలుపు తియ్యి, లేకపోతే వెళ్ళిపోతుంది."

"ఆహా," అని అసిస్టెంటు తలుపు తీశాడు.

వచ్చినామె కుర్చీ చివర కూర్చుంది. చేతిలో సంచీని ఎవరో లాక్కుంటారన్నట్టు ఒళ్ళో అదిమి పట్టుకుంది.

"మా ఇంట్లో దొంగతనం జరిగిందండీ."

"ఏం పోయాయమ్మా?"

"మా తమ్ముడి బూట్లు."

"ఎక్కణ్ణించి పోయాయి?"

"పాతాళంలోంచి."

ఆహా పెన్సిలు కొరకడం ఆపేశాడు. ఆమె నవ్వలేదు. "పిచ్చిదాననుకోకండి. పాతాళకోట అని కంప్యూటర్లో ఆడే ఆట. భూమి కింద అంతస్తులంతస్తులుగా చీకటి గదులుంటాయి, రాక్షసులుంటారు. మనకో బొమ్మ మనిషి ఉంటాడు, వాణ్ణి దింపి నడిపించాలి. అట్టడుగున నిప్పుల నేల. కొలిమి బూట్లు తొడుక్కున్నవాడే దాని మీద అడుగు పెట్టగలడు. వాడు ముందు నడిచి నిప్పు తొక్కితే మిగతావాళ్ళు వెనకాల వెళ్తారు. ఆ బూట్లకి కావలసిన ఇనుము ముక్కా ముక్కా ఏరుకుని, మా వాడు చలికాలమంతా కూర్చుని చేయించుకున్నాడు."

"ఆటలో వస్తువు పోతే మళ్ళీ ఆడి సంపాదించుకోవచ్చు కదా," అన్నాడు ఆహా.

"బయట నడవలేనివాడికి అది ఆట కాదండీ."

అప్పుడు మొత్తం చెప్పింది. తమ్ముడు ఇనప సామాన్ల గోదాములో పనిచేసేవాడు. ముక్కు దగ్గర ఇనప రేకు ఉన్న బూట్లు లేకుండా అక్కడ లోపలికి రానివ్వరు. ఒక రోజు అతని స్నేహితుడు బూట్లు మర్చిపోయి వచ్చాడు. సన్నగా ఉంటాడని అందరూ చువ్వ అంటారు. "లోపల మోసేది నువ్వు, నేను బయటే ఉంటాగా," అని తమ్ముడు తన బూట్లు విప్పి చువ్వకిచ్చి, చెప్పులతో బయట నిలబడ్డాడు. దూలం జారింది బయటే. రెండు పాదాల మీదా పడింది.

"అప్పట్నించీ మంచమే. గోడకేసి తిరిగి పడుకునేవాడు. చువ్వే ఆ కంప్యూటరు మోసుకొచ్చి, ఆట నేర్పి, రోజూ వచ్చి పక్కన కూర్చుని ఆడేవాడు. మా వాడు మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు. ఇప్పుడు బూట్లు పోయాయి. ఆట తెరిచే పాస్‌వర్డు తమ్ముడికి కాక ఇంకెవరికైనా తెలుసంటే చువ్వకే. 'అప్పుడూ నా బూట్లే తీసుకున్నాడు, ఇప్పుడూ నా బూట్లే తీసుకున్నాడు' అని వాణ్ణి గుమ్మం ఎక్కొద్దన్నాడు. తిండి మానేశాడు." ఆమె గొంతు తగ్గింది. "మొదట్లో వాడి మాత్రల డబ్బా నా దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని. నిన్న మళ్ళీ పెట్టుకున్నాను."

డేగ గారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ లేచాడు.

ఆ ఇల్లు కింది వాటా. గుమ్మం బయట చెప్పులన్నీ గోడ వారగా, ముక్కులు వీధివైపు తిరిగి, జతలు జతలుగా ఉన్నాయి. డేగ గారు తన బూట్లు విప్పీ విప్పకుండానే ఒక ముసలావిడ వంగి, వాటిని తీసి, ముక్కులు వీధివైపు తిప్పి వరసలో పెట్టింది. ఆవిడ తల్లి. చేతులకి నూనె ఉంది.

"వెళ్ళేటప్పుడు కాలు పెడితే చాలు, తిరగక్కర్లేదు," అంది. తర్వాత ఆహా కాళ్ళకేసి చూసింది. "ఆ మేజోళ్ళు అంత బిగుతు పనికిరాదు నాయనా. నెత్తురు ఆడదు. పెద్ద డాక్టరు చెప్పాడు."

"ఆహా," అని అసిస్టెంటు మేజోళ్ళు కిందికి లాక్కున్నాడు.

ఇంతలో పై వాటా టైలరు మెళ్ళో టేపుతో దిగి వచ్చి గుమ్మానికి చేరగిలబడ్డాడు. ఎవరింట్లో మూకుడు కింద పడినా ఆయన రావలసిందే. ఒకసారి రెండు వీధుల అవతల గాజు పగిలితే, అది నేల మీద పడేలోపే వెళ్ళి నిలబడ్డాడని చెబుతారు.

లోపల తమ్ముడు గోడకేసి తిరిగి పడుకుని ఉన్నాడు. మంచానికి ఆనించి బల్ల, దాని మీద కంప్యూటరు.

"ఆట ఆపేటప్పుడు నీ మనిషిని ఏం చేస్తావు బాబూ?" అని డేగ గారు అడిగాడు.

"సత్రంలో గది తీసుకుని పడుకోబెడతాను. లేకపోతే దెయ్యాలు పట్టుకుంటాయి." గోడకే చెప్పాడు.

"ఆ రోజు?"

"మధ్యాహ్నం పడుకోబెట్టాను. మాత్రకి నాకూ నిద్ర పట్టేసింది. కంప్యూటరు అలాగే ఉంది, ఎప్పుడూ ఆపను. లేచి చూస్తే వాడు దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. దుప్పటి లాగితే కాళ్ళు బోసిగా ఉన్నాయి."

"కత్తి?"

"ఉంది."

"బూట్ల కంటే అది తక్కువదా?"

"ఆ కత్తి కోసం మనుషులు మనుషుల్నే చంపుకుంటారండీ ఆ ఆటలో." మొదటిసారి ఇటు తిరిగాడు. కళ్ళు లోతుకి పోయి ఉన్నాయి. "వాడికి కత్తి అక్కర్లేదు. నా బూట్లే కావాలి. ఎప్పుడూ అంతే."

డేగ గారు బల్ల దగ్గర కూర్చుని మౌసు పట్టుకున్నాడు. అది చేపలా చేతిలోంచి జారింది. చేతిరుమాలుతో తుడిచి, రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని, మడిచి జేబులో వేసుకున్నాడు. తెర మీద సత్రం గది కనిపిస్తోంది. చిన్న మంచం, చిన్న తలుపు, తలుపు అవతల వీధి. మంచం మీద అరచెయ్యంత మనిషి బోసి కాళ్ళతో పడుకుని ఉన్నాడు.

పాదాలకి నూనె రాయడానికి తల్లి గిన్నెతో లోపలికి వచ్చింది. కంప్యూటర్లోంచి సన్నగా పాట వస్తోంది. ఆవిడ వంగి, మౌసుని ఇటు లాగి అటు నొక్కి, పాట తగ్గించింది.

"పాట పెట్టుకోవడం మా అబ్బాయే నేర్పాడు. పట్టుకుని లాగితే వస్తుంది, వదిలితే పడుతుంది, అంతేనమ్మా అన్నాడు," అని డేగ గారితో గొప్పగా చెప్పింది. తర్వాత కొడుకు పాదాల దగ్గర కూర్చుంది. "ఆ చువ్వ అబ్బాయి ఎందుకు రావట్లేదో ఒక్కళ్ళూ చెప్పరు. ఏం లేదులే అమ్మా అంటారు."

"ఏం లేదులే అమ్మా," అన్నాడు తమ్ముడు.

వంటింటి పక్కన బావ దొరికాడు. అక్క మొగుడు. అడక్కముందే మొదలుపెట్టాడు.

"నేను తియ్యలేదండీ. ఆ డబ్బాని వీధిలో పారేస్తానని వందసార్లు అన్నమాట నిజమే. కానీ దాన్ని ఎక్కడ నొక్కితే ఏమవుతుందో నాకు తెలీదు. ఒకసారి ముట్టుకుంటే పాట వచ్చింది. హడలిపోయాను."

చువ్వ వీధి చివర గోడ నీడన నిలబడి ఉన్నాడు. లోపలికి రావద్దన్నప్పటి నించీ రోజూ అక్కడే నిలబడుతున్నాడట.

"నువ్వు తీశావా?"

"లేదండీ."

"మరి తియ్యలేదని వాడితో ఎందుకు చెప్పలేదు?"

చువ్వ తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ముక్కు దగ్గర గీతలు పడ్డ ఆ గోదాము బూట్లు ఇంకా అతని కాళ్ళకే ఉన్నాయి. "ఒకసారి తీసుకున్నవాణ్ణే కదండీ. రెండోసారి లేదంటే ఎవరు నమ్ముతారు?"

డేగ గారు అక్కణ్ణించే ఆట నడిపేవాళ్ళకి ఫోన్ చేశాడు. చాలాసేపు విన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

"దొంగ దొరికినట్టేనా సార్?" అన్నాడు ఆహా.

"దొరక్కపోయి ఉంటే బాగుండేది. పద, కేసు వదిలేద్దాం. దొంగ ఎవరో తెలీలేదని చెప్పేద్దాం."

డేగ గారి నోట ఆ మాట ఆహా ఎప్పుడూ వినలేదు.

నిజంగానే వదిలేద్దామని అందరినీ తమ్ముడి మంచం చుట్టూ పోగుచేశాడు. అక్క, బావ, గిన్నె పట్టుకున్న తల్లి. చువ్వ గుమ్మం బయటే బూట్లు విప్పి, లోపలికి రావాలో వద్దో తెలీక నిలబడ్డాడు. తల్లి వెళ్ళి ఆ బూట్లు తిప్పి వరసలో పెట్టి వచ్చింది. టైలరు గడప మీద ఉన్నాడు.

"నా వల్ల కాలేదు," అని డేగ గారు మొదలుపెట్టాడు.

"నేను ముందే చెప్పాను కదా ఎవరో," అన్నాడు తమ్ముడు. "ఒరేయ్ చువ్వా, ఇక నీ మొహం చూపించకు. ఆ కంప్యూటరు కూడా పట్టుకుపో. అక్కా, దీపం ఆర్పెయ్. నాకింకేం వద్దు."

అక్క చెయ్యి తనకి తెలీకుండానే చేతి సంచీ మీదికి పోయింది. అందులో మాత్రల డబ్బా గలగలమంది. చువ్వ వెనక్కి తిరిగాడు.

డేగ గారు కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆగు చువ్వా. అందరూ కూర్చోండి. దొంగ అన్నవాడు విలువైనది తీసుకుపోతాడు. ఈ దొంగ కత్తి వదిలేసి బూట్లు తీశాడు. ఏ దొంగైనా పని అయ్యాక పారిపోతాడు. ఈ దొంగ పడుకున్నవాడికి దుప్పటి కప్పి వెళ్ళాడు. చలేస్తుందని. అక్కడే నాకు అనుమానం తగిలింది, ఆ మనిషి వచ్చింది దొంగతనానికి కాదని. పాస్‌వర్డుతో పని లేదు, కంప్యూటరు తెరిచే ఉంది. మౌసుకి నూనె ఉంది, పాదాలకి రాసే నూనె. ఇక బూట్లు ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు. ఈ ఇంట్లో ఎవరి చెప్పులైనా ఎక్కడ ఉంటాయి?"

అందరూ గుమ్మంకేసి చూశారు.

"తలుపు బయట," అన్నాడు డేగ గారు. "ముక్కులు వీధివైపు తిప్పి. అక్కడే పెట్టారు. కానీ ఆ ఆటలో ఒక కట్టడి ఉంది. గదిలో ఉన్నది భద్రం. వీధిలో ఉన్నది ఆటలో తెల్లవారగానే ఊడ్చేస్తారు. ఆటవాళ్ళని బతిమాలాను. పోయింది మళ్ళీ ఇవ్వరట. ఆ రకం బూట్లు ఇప్పుడు చేయించుకోవడానికీ లేదట, ఆ ఇనుము తీసేశారట. ఇంట్లో అందరినీ ప్రశ్నలడిగాను, ఒక్కరిని తప్ప. మీరూ అడగలేదు. ఏం లేదులే అమ్మా అన్నారు."

ఆహా నోరు తెరిచాడు. ఆహా మాత్రం రాలేదు.

తల్లి అందరి మొహాలూ చూసింది.

"ఆ బొమ్మ అబ్బాయివా? అవి నేనే విప్పాను," అంది. "ఇనప బూట్లతో పడుకున్నాడు పాపం. నెత్తురు ఆడదు కదా. పట్టుకుని లాగితే వచ్చాయి. బయట పెట్టాను. ఇన్నేళ్ళల్లో మన గుమ్మంలోంచి ఒక్క చెప్పు పోయిందా?" గిన్నె కింద పెట్టింది. "వాటి గురించేనా తిండి మానేశావు? ఈ అబ్బాయిని రావద్దన్నావు?"

ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి మౌసు పట్టుకుంది. చిన్న తలుపు తెరిచింది. వీధి శుభ్రంగా ఉంది. తలుపు మూసి మళ్ళీ తెరిచింది. మూసి, తెరిచింది. పట్టుకుని లాగడానికి అక్కడ ఏమీ లేదు.

గోడ అవతల ఆవలింత విని మనిషి గుట్టు చెప్పే డేగ గారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక వెనక్కి కట్టుకున్నాడు.

"ఇంక చాలమ్మా," అన్నాడు తమ్ముడు. "వాడి కాళ్ళకి గాలి తగలనీ." చువ్వకేసి చూడకుండానే, "కూర్చో," అన్నాడు.

చువ్వ మంచం చివర, ఆ పాదాలు ఉన్నచోట కూర్చున్నాడు. "బూట్లు లేకపోతే నిప్పుల నేల దాటలేంరా."

"దాటొద్దు. సత్రంలోనే కూర్చుందాం."

అక్క సంచీ మీంచి చెయ్యి తీసింది. తల్లి ఇంకా తలుపు తెరుస్తూ మూస్తూనే ఉంది. ఆవిడని ఎలా ఆపాలో ఒక్కరికీ తోచలేదు.

అప్పుడు గడప మీద టైలరు మెళ్ళో టేపు తీసి చేతికి చుట్టుకుంటూ గొంతు సవరించుకున్నాడు.

"అంతా విన్నాను గానీ, ఆ బొమ్మ అబ్బాయిది ఏ సైజండీ? మా బావమరిది దగ్గర ఒక జత ఊరికే పడి ఉంది, వాడికి వేళ్ళ దగ్గర బిగుతు."