బిలకంఠుడి గొంతులో సుంకులమ్మ

పైడిగట్టు రాజ్యానికి నీళ్లు ఒకే దారిన వచ్చేవి. కొండ కింద తవ్విన సొరంగమే ఆ దారి. ఆ ఏడు బిలకంఠుడనే రాక్షసుడు సొరంగంలో దూరి, నోరు తెరిచి పడుకున్నాడు. సొరంగమంతా వాడి గొంతే అయింది. నీళ్లు ఆగిపోయాయి. పూడిక తీయడానికి వెళ్లిన బావుల మేస్త్రి ఓబులేసు అవతల చిక్కుకుని మూడు రోజులైంది. అతని కోసం దూరిన సైనికులు పదిమందీ రొప్పుతూ వెనక్కి వచ్చారు.

ఓబులేసు కూతురు సుంకులమ్మకు పన్నెండేళ్లు. తలుపు మూసిన గదిలో పడుకోవాలన్నా ఆమెకు భయం. అయినా నడుముకు తాడు కట్టుకుని లోపలికి పాకింది.

ఇరవై మూరల దగ్గర గోడ భుజానికి తగిలింది. గబగబా గాలి మింగింది. బావులు తవ్వే ఇళ్లలో పిల్లలకు మొదట నేర్పేది, గోడ తగిలితే వెనక్కి రమ్మని. ఆమె వెనక్కి జరిగింది. జరిగిన కొద్దీ సొరంగం బిగుసుకుంది. ఇక ఎటూ కదలలేకపోయింది.

"చచ్చిపోతాండా!" అని అరిచింది.

"చచ్చేవాళ్లు ఇంత గోల చేయరులే," అంది గోడ పగులులోంచి ఒక ముసలి ఉడుము. "ఇక్కడ గాలి ఉంది. నీకు దెబ్బా తగల్లేదు. గాలి మింగి మింగి నువ్వే ఉబ్బినావు. నేను పగుల్లో బిగుసుకోవాలంటే ఇట్టనే చేస్తా."

"భయమేస్తాంది తాతా."

"వేయనీ. నువ్వు వెనక్కి జరిగితేనే వాడి గొంతు బిగిసేది. ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదులు. చేతికి ఏం తగులుతాందో చెప్పు."

"రాయి... తడి మట్టి... తాడు ముడి."

ఊపిరి వదిలేసరికి ఒళ్లు సన్నబడింది. ఆమె జానెడు ముందుకు జరిగింది. భయం మళ్లీ వచ్చింది. అది తగ్గేదాకా ఉన్నచోటే ఉండి, మళ్లీ జానెడు జరిగింది.

"పో వెనక్కి! నలిగిపోతావ్!" అని బిలకంఠుడు గర్జించాడు.

"ఉండు, ఊపిరి వదలనీ," అంది సుంకులమ్మ.

ఏడోసారికి గొంతు వదులైంది. రాక్షసుడు దగ్గి దగ్గి, కొండ చీల్చుకుని పారిపోయాడు. నీళ్లు కదిలాయి. వాటి వెంట ఓబులేసు మోకాళ్ల మీద పాకుతూ వచ్చాడు.

"ఒక్కదానివే వచ్చినావా?"

"భయపడుకుంటానే వచ్చినా నాయనా."

రాజు అర్ధరాజ్యం ఇస్తానన్నాడు. ఆమె సొరంగాల పెత్తనం అడిగి తీసుకుంది. మరునాడు సేనాపతి, సొరంగంలోకి పోవడం తనకూ నేర్పమని ఆమె దగ్గరికి వచ్చాడు. సొరంగం ముందు నిలబడగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఈ పొద్దు ఈడనే కూర్చుందాం రండి," అంది సుంకులమ్మ. "రేపు ఒక మూర పోదాం."